మా ఆయన పేరున వచ్చిన సమన్లు

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో నాకొక చిన్న టిఫిను కొట్టు ఉంది. పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు, ఒడియా వాళ్ళ కోసం గుగ్ని, అంటే బఠాణీల కూర. నెల రోజులుగా ఈ నాలుగు ముక్కలూ రాయాలనుకుంటూనే ఉన్నాను, ఇవాళ్టికి కుదిరింది.

మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఈమధ్య ఆయన పేరున కోర్టు కాగితం వచ్చింది. తెచ్చినతను ఆయన్ని పిలవమన్నాడు. గోడ మీద దండ వేసిన ఫోటో చూపించాను. పాపం, అతనికీ ఏమనాలో తోచలేదు. నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కాగితమంతా ఒడియాలో ఉంది. నేను పుట్టింది టెక్కలి, చదివింది తెలుగు బడిలో. ఇక్కడికి కాపురానికొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఒడియాలో బేరమాడతాను, అవసరమైతే దెబ్బలాడతాను కూడా, కానీ చదవడం రాదు. 1936 ఏప్రిల్‌లో ఒడిశాలో కలిసే దాకా ఈ ఊరు మద్రాసు కింద ఉండేది. మా మామగారి పెట్టెలో ఆ కాలం నాటి దస్తావేజులు తెలుగులోనే ఉన్నాయి, అవి గడగడా చదివేస్తాను. ఈ ఒక్క కాగితం చూస్తే మాత్రం కాళ్ళు వణికాయి.

మొదట చదివి చెప్పింది మా పక్క జిరాక్స్ షాపు తమ్ముడు. మా ఆయన స్కూటీ మీద పడ్డ జరిమానాలట: హెల్మెట్ లేదని 1,000, ఇన్సూరెన్స్ లేదని 2,000, పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని 10,000. మొత్తం 13 వేలు. ఆ పాత స్కూటీని నేను అమ్మింది 14 వేలకి! హెల్మెట్ కేసులో లైసెన్సు మూడు నెలలు ఆపేయొచ్చని కూడా ఉందట. పోయిన మనిషికి లైసెన్సు ఆపుతారట. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

తప్పు నాదే, దాచను. ఆయన పోయిన ఆర్నెల్లకి సరిహద్దు అవతల, ఆంధ్రాలోని పాతపట్నం వైపు కుర్రాడొకడు అడిగితే, తెల్ల కాగితం మీద రెవెన్యూ స్టాంపు అంటించి బండీ ఆర్సీ ఇచ్చేశాను. పేరు మార్చుకోమని చెప్పాను, వాడు సరేనన్నాడు, అంతే. వాడు రోజూ ఆ బండి మీదే ఇక్కడికి పనికొస్తాడు. పోలీసులు ఇప్పుడు బండి ఆపక్కర్లేదు, నంబరు ప్లేటు ఫోటో తీస్తే చాలు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ ఉన్నాయో లేవో కంప్యూటరే చెప్పేస్తుంది. చలాను మెసేజి ఆర్సీకి ఇచ్చిన ఫోనుకి పోతుంది. ఆ ఫోను రెండేళ్ళుగా మా బీరువాలో చీరల కింద ఉంది. ఎవరూ కట్టకపోతే కేసు కోర్టుకెళ్ళింది.

మర్నాడు కోర్టు దగ్గరికెళ్తే బయట ఒకాయన తనే పలకరించాడు. 5 వేలిస్తే కాగితమే లేకుండా చేయిస్తానన్నాడు. నిజం చెప్పొద్దూ, చీటీ డబ్బులు తీసి పెట్టాను. మా కొట్టుకి రోజూ వచ్చే బాబాయిగారొకరు అడ్డుపడకపోతే ఇచ్చేసేదాన్నే. ఆయన కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యారు, పేరు రాయొద్దన్నారు. "కోర్టు కాగితం ఎవడూ మాయం చెయ్యలేడమ్మా, రేపు నీ మీదకే వారంటొస్తుంది" అని తిట్టినంత పని చేసి, అక్కడే ఉన్న జిల్లా న్యాయసేవా సంస్థ ఆఫీసుకి తీసుకెళ్ళారు.

అలాంటి ఆఫీసొకటి ఉందనే నాకు తెలీదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ప్లీడర్ని ఉచితంగా ఇస్తారట. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. అక్కడ వాలంటీరుగా పనిచేసే ఒడియా అమ్మాయి, మా చిన్నదాని వయసుంటుంది, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "మావుసీ (పిన్నీ), ముందు నీళ్ళు తాగు" అంది. నేను వచ్చీరాని ఒడియాలో చెప్తుంటే ఓపిగ్గా రాసుకుని, రాసింది మళ్ళీ చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించింది. ఇన్నాళ్ళలో నా చేత సంతకం పెట్టించుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, చదివి వినిపించింది ఈ పిల్లే.

అసలు తంటా పేరు దగ్గరొచ్చింది. ఆధార్‌లో, డెత్ సర్టిఫికెట్‌లో మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది. ఆర్సీలో ఒడియా పద్ధతిలో చివరికి పోయింది, పైగా స్పెల్లింగు వేరు. ఈ సరిహద్దు ఊళ్ళలో సగం ఇళ్ళలో ఇదే గోల. ఇద్దరూ ఒకే మనిషని నేను అఫిడవిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నా మొగుడు ఒక్కడేనని నోటరీ ముద్ర వేయించుకున్నాను!

ప్లీడరుగారు చదివిన మనిషి, మాట నెమ్మది. చలాన్ల తేదీలూ డెత్ సర్టిఫికెట్ తేదీ పక్కపక్కన పెట్టి, ఇవి జరిగేసరికి ఈయన లేనే లేడని కోర్టులో దాఖలు చేశారు. ఆయన మీద కేసు మూసేశారు. జిరాక్స్ తమ్ముడు పాతపట్నం వెళ్ళి బండి కొన్న కుర్రాణ్ణి వెతికి పట్టుకొచ్చాడు. తప్పించుకుంటాడనుకున్నాను. కానీ వాడు వచ్చి, నడిపింది నేనేనని ఒప్పుకుని, తన వంతు తను కట్టుకున్నాడు. ఎంత కట్టాడో రాయను. బాబూ, నీకు కూడా థాంక్స్, ఇప్పటికైనా హెల్మెట్ కొనుక్కో.

అంతటితో అయిపోయిందనుకున్నాను గానీ ప్లీడరుగారు ఇంకో మాట చెప్పారు. బండి అమ్మేసినా ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు చెప్పిందట. ఎవరికైనా దెబ్బ తగిలితే నష్టపరిహారం మన నెత్తినే పడుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెంటనే ఆర్టీవో ఆఫీసులో మొదలుపెట్టాం. పోయినవాళ్ళ బండి ముందు వారసుల పేరుకి మారాలి, దానికి ఫారం 31. నిజానికి మూడు నెలల్లోపే పెట్టాలట. ఆ తర్వాతే అమ్మకానికి ఫారం 29, 30. కొన్నవాడు ఆంధ్రా వాడు కాబట్టి ఇక్కడినుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌ఓసీ కావాలి, అది ఫారం 28. ఇవన్నీ నింపిపెట్టింది మళ్ళీ ఆ జిరాక్స్ తమ్ముడే, కాపీలకి కూడా డబ్బులు పుచ్చుకోలేదు. మా వీధిలో ఎవరైనా పోయినవాళ్ళ బండి అమ్ముతుంటే ముందు నా కొట్టుకి రండి, ఫారాల నంబర్లు నాకు నోటికొచ్చు.

బాబాయిగారికి, తమ్ముడికి, ప్లీడరుగారికి దండాలు. ఇంకా ఆ అమ్మాయికి. ఫైసలా అయిన రోజు తనకి టిఫిను కట్టి తీసుకెళ్తే, మేం ఏమీ పుచ్చుకోకూడదు మావుసీ అని వెనక్కిచ్చేసింది. వారం తర్వాత తనే కొట్టుకొచ్చి తిని, డబ్బులు బల్ల మీద పెట్టింది. వద్దంటే ఇంకెప్పుడూ రానంది. ఇప్పుడు రెండు రోజులకోసారి వస్తోంది, డబ్బులు తీసుకుంటున్నాను. గుగ్ని మాత్రం గరిటెడు ఎక్కువే వేస్తున్నాను.