పొగరు అనుకున్నాం

సంపాదకులకు నమస్కారం.

పిల్లల్లో డిప్రెషన్ అనగానే మూలన కూర్చుని ఏడ్చే పిల్లే అందరికీ గుర్తొస్తుంది. ఇరవై ఏళ్లుగా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకూ మొన్నటిదాకా అంతే. అందుకే ఒక పదమూడేళ్ల అబ్బాయి విషయంలో పొరపాటు చేశాను.

వాడు నెమ్మదస్తుడు. అలాంటివాడు ఉన్నట్టుండి ప్రతిదానికీ విసుక్కోవడం, పక్కవాడి చెయ్యి తగిలినా కొట్టడానికి లేవడం మొదలుపెట్టాడు. వారానికి రెండు రోజులు కడుపునొప్పని బడి మానేసేవాడు. పొగరెక్కిందన్నాం స్టాఫ్ రూమ్‌లో. వాళ్ల నాన్నను పిలిపించి ఫిర్యాదు చేసింది కూడా నేనే. తర్వాత ఒకరోజు నోట్సులు దిద్దుతుంటే వాడి పుస్తకం చేతికొచ్చింది. రోజూ పైన మూలకు తేదీ వేశాడు, స్కేలుతో మార్జిన్ గీశాడు, పాఠం పేరు రాసి కింద గీత కొట్టాడు. ఆ కింద ఏమీ లేదు. మూడు వారాల పేజీలన్నీ అంతే. రాయాలనే కూర్చున్నాడు, రాయలేకపోయాడు.

డాక్టరుకు చూపిస్తే డిప్రెషన్ అని తేలింది. ఈ వయసులో దిగులుకు బదులు చిరాకు, కోపం పైకి కనబడొచ్చట. రెండు వారాలకు మించి అలాగే ఉంటే, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే ఆలస్యం చేయకూడదని ఆవిడ చెప్పారు. సరిగ్గా ఆ ఆలస్యమే నేను చేశాను.

పదినుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లలో ప్రతి 7 మందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఐదారుగురు. హాజరు వేసేటప్పుడు ఇప్పుడు ఆ లెక్క నా మనసులో మెదులుతుంటుంది.

కారణం ఏమిటంటే చాలామంది ఫోన్ మీదికి తోసేస్తారు. ఫోన్ పాత్ర లేదనను. పదమూడు దాటిన పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అసలే ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పడుతుంది, పైగా ఫోన్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ ఈ అబ్బాయి సంగతి చూడండి. ఇంట్లో రోజూ అమ్మానాన్నల గొడవలు. క్లాసులో వాడి లావు మీద వెక్కిరింపులు, అవి నా ఎదుటే జరిగినా పిల్లల సరదా అనుకుని వదిలేశాను. రాత్రిళ్లు నిద్ర లేదు. వీటిలో ఏ ఒక్కదాన్నో పట్టుకుని ఇదే కారణం అనలేం. తల్లిదండ్రుల్లో ఒకరికి డిప్రెషన్ ఉన్నా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా, పిల్లలకే దీర్ఘకాలిక జబ్బేదైనా ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. యుక్తవయసు వచ్చాక ఆడపిల్లల్లో ఇది మగపిల్లల కన్నా దాదాపు రెట్టింపు. అలాగని మగపిల్లలను వదిలేయకూడదు, వాళ్ల బాధను మనం అల్లరి కింద జమ కట్టేస్తున్నాం.

అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ల పిల్లలందరికీ డిప్రెషన్ ఉందేమో పరీక్షించాలని నిపుణుల బృందం సిఫార్సు చేసింది. దానికి కావలసింది నాలుగైదు నిమిషాల్లో అయిపోయే చిన్న ప్రశ్నావళి. బడుల్లో కనీసం ఇంతైనా చేయాలి: ఏ పిల్లాడి మీదైనా క్రమశిక్షణ చర్య తీసుకునే ముందు కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడించాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని టీచర్లు భయపడతారు. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది.

మీకూ ఒక విన్నపం. ఒక పిల్లో పిల్లాడో ప్రాణం తీసుకున్నప్పుడు 'మార్కులు తక్కువ వచ్చాయని' అంటూ ఒకే ముక్కలో కారణం తేల్చేయకండి. అది చదివిన తల్లిదండ్రులు మార్కులు బాగానే వస్తున్నాయిగా అని తమ పిల్లల గురించి నిశ్చింతగా ఉండిపోతారు. మా క్లాసు అబ్బాయికి మార్కులు తగ్గింది అన్నిటికన్నా చివర్న.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు