క్యోటో బస్సులో చిల్లర చూపించిన అమ్మకు

జపాన్‌లోని క్యోటో సిటీ బస్సులో మాకు సాయం చేసి, పేరైనా చెప్పకుండా దిగిపోయిన అమ్మా, మా అందరి తరఫున మీకు దండాలు.

అక్కడి మామూలు సిటీ బస్సు వెనక తలుపు నుంచి ఎక్కాలి. డబ్బులిచ్చేది దిగేటప్పుడు, ముందు తలుపు దగ్గర. ఊళ్లో చాలావరకు ఎక్కడ దిగినా పెద్దలకు 230 యెన్లే. కానీ డబ్బుల పెట్టె మిగులు తిరిగివ్వదు. ముందే అక్కడి మిషన్‌లో 1000 యెన్ల నోటు మార్చుకోవాలి. 5000, 10000 నోట్లు అది తీసుకోదు. కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే, వెనక జనమంతా ఆగిపోతారు. బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే మార్చుకొమ్మని మీరు సైగ చేశారు.

నాణేలు అరచేతిలో పరిచి చూపించారు: వందవి రెండు, పదివి మూడు. చిల్లు ఉన్నవాటిలో తెల్లది 50, పసుప్పచ్చది 5. ఆ 5 మీద అంకె ఉండదు, జపాన్ లిపిలోనే రాసి ఉంటుంది. ఎంత తికమకో!

ఫుషిమి ఇనారి గుడికి జేఆర్ (జపాన్ రైల్వే) నారా లైన్ రైలే మేలన్నదీ మీరే. క్యోటో నుంచి రెండో స్టేషన్. లోకల్ రైలే ఎక్కాలి, కొన్ని స్టేషన్లలోనే ఆగే రాపిడ్ రైలు మామూలుగా అక్కడ ఆగదు. మీరు 'ఇనారి' అని రాసిచ్చిన చీటీ పాస్‌పోర్ట్ కవర్లో భద్రంగా ఉందమ్మా.