"కాల్షియం లేదు" అని రాసిన సీసాలో కాల్షియం: మీ కెరాటినోసైట్ మీడియం కొత్త లాట్‌పై ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధిపతి గారికి,

విషయం: మానవ చర్మ కెరాటినోసైట్లను (చర్మం పైపొర కణాలను) పెంచే సీరం (రక్తద్రవం) రహిత మీడియం, అంటే పోషక ద్రవం, 500 మి.లీ. బేసల్ సీసాల కొత్త లాట్‌లో (తయారీ బ్యాచ్‌లో) లోపం. లాట్ మార్పిడి, లిఖితపూర్వక విచారణ కోరుతున్నాం.

అయ్యా/అమ్మా,

మీ కిట్‌లో మూడు భాగాలు వస్తాయి. బేసల్ (మూల ద్రవం) సీసా, అందులో కలిపే సప్లిమెంట్ల ప్యాకెట్, కాల్షియం క్లోరైడ్ వయల్. వయల్‌లోని 0.5 మోలార్ ద్రావణం నుంచి 60 మైక్రోలీటర్లు తీసి 500 మి.లీ. బేసల్‌లో కలిపితే కాల్షియం 0.06 మిల్లీమోలార్ అవుతుందని మీ కరపత్రమే చెబుతుంది. బేసల్‌లో అసలు కాల్షియం లేకపోతేనే ఆ లెక్క నిలుస్తుంది. కొత్త లాట్‌లో ఉంది, దాంతో మా కణాలు ముదిరిపోయాయి. మీ టెక్నికల్ సపోర్ట్ వారు మొదటి జవాబులో డోనర్ (కణాలిచ్చిన వ్యక్తి) తేడా అన్నారు, రెండోసారి రవాణాలో ఎండ తగిలి ఉంటుందన్నారు. ఈ రెండు మాటలూ ఎందుకు నిలవవో కింద రాస్తున్నాం.

కెరాటినోసైట్లకు కాల్షియం పోషకం అనేకంటే ఆజ్ఞ అనడం సరిగ్గా ఉంటుంది. సుమారు 0.1 మిల్లీమోలార్ లోపల ఉన్నంత వరకూ కణాలు విడివిడిగా కదులుతూ, విభజన చెందుతూ పోతాయి. అది దాటి పెరిగేకొద్దీ కణాల మధ్య ఈ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ అతుకులు బిగుసుకుంటాయి, డెస్మోజోములనే గట్టి ముడులు ఏర్పడతాయి, కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ముదిరినదానికి గుర్తైన ఇన్‌వల్యూక్రిన్ ప్రోటీన్ తయారు చేస్తూ ముదిరిపోతాయి. ముదిరిన కణం మళ్లీ లేతది కాదు. కాల్షియం పెరిగితే కణాలు ముదురుతాయని బోయ్స్, హ్యామ్ అనే పరిశోధకులు 1983లో ఎంసీడీబీ 153 మీడియంతో చూపించారు. మీ ఫార్ములా కూడా ఆ మీడియం నుంచే వచ్చిందని మీ బ్రోచర్‌లో ఉంది కాబట్టి ఇంతకంటే వివరించనక్కర్లేదు.

కొత్త లాట్‌తో మేం చూసింది ఇది. 75 చదరపు సెంటీమీటర్ల టీ-75 ఫ్లాస్క్‌లో చదరపు సెంటీమీటరుకు 5,000 చొప్పున, అంటే 3,75,000 కణాలు వేసి, 15 మి.లీ. మీడియం పోసి, 48 గంటలకోసారి మార్చాం. పాత లాట్‌లో ఇవే కణాలు ఐదారు రోజులకు 70 నుంచి 80 శాతం నిండేవి. కొత్త లాట్‌లో 48 గంటలకే గుంపులు కట్టి, కణానికీ కణానికీ మధ్య గీత కనిపించనంత బిగుసుకున్నాయి. నాలుగో రోజుకు గుంపుల నడుమ పెద్ద, చదునైన కణాలు వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కణాల్ని విడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ 0.025 శాతంతో 4 నిమిషాల్లో ఊడాల్సినవి 12 నిమిషాలైనా విడిగా రాలేదు, పీలికలు పీలికలుగా లేచాయి. ఇన్‌వల్యూక్రిన్ రంగు పరీక్షలో ఆ పీలికలు దాదాపు పూర్తిగా వెలిగాయి.

మా వైపు తప్పు జరిగే దారులన్నీ ముందు మేమే వెతికాం. ట్రిప్సిన్‌ని ఆపడానికి సీరం వాడం. అందులోని కాల్షియం ఈ కణాల్ని ముదరబెడుతుంది, టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ పెరుగుదలను ఆపుతుంది కాబట్టి సోయాబీన్ ట్రిప్సిన్ ఇన్హిబిటర్ వాడి, సెంట్రిఫ్యూజ్ చేసి ద్రవం పారబోస్తాం. కణాల్లో దాగే మైకోప్లాస్మా బ్యాక్టీరియాకు చేసిన పీసీఆర్ పరీక్ష నెగటివ్. ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం, బయటి మీటర్‌తో సరిచూశాం. కలిపిన మీడియంని సీసా మొత్తం పదేపదే వేడిచేయం, ఆ పూటకు కావలసినంతే తీస్తాం.

ఇక డోనర్ సంగతి. ఒక నవజాత శిశువు డోనర్, ఇద్దరు పెద్దల డోనర్లు, ముగ్గురివీ రెండో పాసేజ్ (ఫ్లాస్క్ నుంచి ఫ్లాస్క్‌కు మార్చే విడత) కణాలు. ముగ్గురివీ పాత లాట్‌లో బాగున్నాయి, ముగ్గురివీ కొత్త లాట్‌లో ముదిరాయి. డోనర్ తేడా అయితే ఒకే రోజు, ఒకే లాట్‌లో మూడూ ఎలా పాడవుతాయి?

తప్పు ఏ భాగంలో ఉందో తేల్చడానికి అడ్డంగా మార్చి చూశాం. పాత బేసల్, కొత్త బేసల్. ఒక్కోదానికి పాత కాల్షియం వయల్, కొత్త కాల్షియం వయల్, అసలు కాల్షియం కలపనిది. మొత్తం ఆరు ఫ్లాస్కులు, సప్లిమెంట్లు మాత్రం అన్నిటికీ ఒకే లాట్‌వి. పాత బేసల్‌లో ఏ వయల్ కలిపినా కణాలు మామూలుగా పెరిగాయి. కొత్త బేసల్‌లో ఏ వయల్ కలిపినా ముదిరాయి. కాల్షియం కలపని రెండు ఫ్లాస్కులు పోల్చి చూసినా మీకు సంగతి తెలుస్తుంది. కాల్షియం చుక్క కూడా కలపని పాత బేసల్‌లో కణాలు సరిగా అంటుకోక, సన్నగా సాగి, రెండో రోజుకే తేలిపోయాయి. ఏమీ కలపని కొత్త బేసల్‌లో మాత్రం దగ్గర దగ్గరగా ద్వీపాలు కట్టి హాయిగా పెరిగాయి. కాల్షియం లేని మీడియంలో ఇది జరగదు.

ఆ తర్వాత కొలిచాం. సీలు తీయని మూడు సీసాల నుంచి, పలచని నైట్రిక్ యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ గొట్టాల్లోకి తీసి, కాల్షియంతో రంగు తేలే ఆర్థో-క్రెసాల్ఫ్తలీన్ కాంప్లెక్సోన్ పద్ధతిలో చూశాం. మెగ్నీషియం అడ్డు రాకుండా 8-హైడ్రాక్సీక్వినోలిన్ వేశాం. మీడియంలోని ఫినాల్ రెడ్ రంగు లెక్క చెడగొట్టకుండా, కాల్షియంని పట్టేసే ఈడీటీఏ కలిపిన బ్లాంక్ ప్రతి నమూనాకూ విడిగా పెట్టాం. 0.13 నుంచి 0.15 మిల్లీమోలార్ వచ్చింది. బయటి ల్యాబ్‌లో ఐసీపీ (మూలకాలను కొలిచే యంత్రం) మీద 0.14. దానికి మీ వయల్‌లోని 0.06 తోడైతే 0.20, అంటే మీరు చెప్పినదానికి మూడింతలు పైనే.

రవాణా విషయానికొస్తే, శంషాబాద్ కార్గోలో పెట్టె రెండు రోజులు ఆగిన మాట నిజమే. వేడికి గ్లుటమిన్ విరుగుతుంది, సప్లిమెంట్లలోని ఈజీఎఫ్ (కణాల్ని పెంచే ప్రోటీన్) నీరసిస్తుంది. అప్పుడు కణాలు నెమ్మదిగా పెరుగుతాయి, అంతే. ఎండకు కాల్షియం పుట్టదు.

మాకు తోచిన కారణం కూడా చెబుతాం. మీరే 0.15 మిల్లీమోలార్ కాల్షియం ముందే కలిపిన బేసల్‌ని మరో కేటలాగ్ సంఖ్యతో అమ్ముతున్నారు. మా కొలత దానికి అంత దగ్గరగా రావడం యాదృచ్ఛికం అనుకోలేం. ఆ లాట్ నింపిన రోజు అదే లైన్ మీద రెండో సరుకు నడిచిందా, లేబుళ్లు తారుమారయ్యాయా అన్నది మీ బ్యాచ్ రికార్డుల్లో చూడండి.

ఈ లోపం మీ కంట పడకుండా ఎలా దాటిందన్నది మాకు ఇంకా పెద్ద ప్రశ్న. మీ విశ్లేషణ పత్రంలో పీహెచ్, ఆస్మోలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత), ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం), స్టెరిలిటీ ఉన్నాయి. కాల్షియం లేదు. పెరుగుదల పరీక్ష హాకాట్ అనే చర్మ కణ శ్రేణి మీద చేశామని రాశారు. 1988లో వెలుగులోకి వచ్చిన ఆ కణాలు తమంతట తామే అమరత్వం సంపాదించుకున్నవి. 1.8 మిల్లీమోలార్ కాల్షియం ఉండే మామూలు డీఎంఈఎం మీడియంలోనే అవి ఏపుగా పెరుగుతాయి. వాటికి 0.06కీ 0.20కీ తేడా ఏం తెలుస్తుంది? ప్రైమరీ కణాల (మనిషి నుంచి నేరుగా తీసిన కణాల) కోసం అమ్మే మీడియంని ప్రైమరీ కణాల మీదే, కనీసం ఇద్దరు డోనర్లవి తీసుకుని, రెండు పాసేజ్‌ల దాకా పరీక్షించాలి.

మేం కోరేది ఇది. మీరు దాచి ఉంచిన ఇదే లాట్ నమూనాలో ఐసీపీతో కాల్షియం కొలిచి, ఫలితం అంకెల్లో పంపండి. మేం కొన్న 12 సీసాలకు వేరే లాట్ ఇవ్వండి. పంపేముందు ఒక సీసా పరీక్షకు ఇచ్చి, మేం సరే అనేదాకా మిగతావి మా పేర ఆపి ఉంచండి. ఇకపై ప్రతి లాట్ పత్రంలో కొలిచిన కాల్షియం ఉండాలి, ఫార్ములాలోని అంకె కాదు. ఇదే లాట్ కొన్న మిగతా ల్యాబ్‌లకు వెంటనే తెలియజేయండి. వాళ్లు ఈపాటికి తమ కణాల్ని తప్పుపట్టుకుంటూ ఉండవచ్చు. ముదిరి పారేసిన నాలుగు వయళ్ల కణాలు మీ దగ్గర కొన్నవే. ప్రైమరీ కణాలకు విభజనలు లెక్కపెట్టినట్టే ఉంటాయి, పోయిన పాసేజ్ తిరిగి రాదు. కాబట్టి వాటికి బదులు వయళ్లు ఇవ్వండి. వచ్చే ఆర్డర్ మీద 10 శాతం తగ్గింపు అని మీ ప్రతినిధి చెప్పిన ప్రతిపాదన మాకు అక్కర్లేదు.

ఆరు ఫ్లాస్కుల ఫోటోలు, కొలతల పట్టిక, ఐసీపీ నివేదిక, లాట్ సంఖ్యలు, బిల్లు నకలు జతచేశాం. సీలు తీయని ఏడు సీసాలు 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచాం. 15 రోజుల్లోగా మీ మనిషిని పంపి నమూనా తీసుకోండి.

ఇట్లు,
కణ వర్ధన విభాగం బాధ్యులు,
హైదరాబాద్