19 శాతం పుల్లీ, నల్ల డబ్బా: మీ ‘స్టేజ్ 2’ కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: సూపర్‌ఛార్జర్ ఉన్న మినీ కూపర్ ఎస్ కారుకు మీరు అమ్మిన ‘స్టేజ్ 2’ కిట్ – కొంత డబ్బు వాపసు, పుల్లీ మార్పిడి కోరుతూ.

నమస్కారం.

నాలుగు నెలల కిందట మీ దగ్గర ‘స్టేజ్ 2’ పవర్ కిట్ కొన్నాను. అందులో సూపర్‌ఛార్జర్‌ను (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరాన్ని) తిప్పే బెల్ట్ ఎక్కే, ఫ్యాక్టరీదానికంటే 19 శాతం చిన్న పుల్లీ, కోను ఫిల్టర్, ‘స్మార్ట్ పవర్ మాడ్యూల్’ అనే నల్ల డబ్బా, ఎగ్జాస్ట్, సిలికాన్ గొట్టాలు ఉన్నాయి. పెట్టె మీద తాటికాయంత అక్షరాలతో ‘45 హార్స్‌పవర్ అదనం’ అని ఉంది. కిట్ బిగించకముందు బండిని డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెడితే చక్రాల దగ్గర 138 హార్స్‌పవర్ వచ్చింది. బిగించాక మొదటి రన్‌లో 149. ఇంజిన్ ఆపకుండా వరసగా చేసిన మూడో రన్‌లో 141. అంటే మీ 45లో నాకు మిగిలింది మూడు.

దీని గురించి ఇప్పటికే రెండుసార్లు మెయిల్ చేశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘డ్రైవింగ్ స్టైల్‌ను బట్టి ఫలితాలు మారవచ్చు’ అని ఒక్క లైను వచ్చింది. డైనో మీద బండిని పట్టీలతో నేలకు కట్టేస్తారు. కట్టేసిన బండికి డ్రైవింగ్ స్టైల్ ఏమిటో నాకు అర్థం కాలేదు. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నాది 2003 మోడల్, బీఎండబ్ల్యూ మినీల్లో మొదటి తరం కూపర్ ఎస్, కంపెనీ కోడ్ ఆర్53. 1.6 లీటర్ల ట్రైటెక్ ఇంజిన్, ఈటన్ ఎం45 సూపర్‌ఛార్జర్, కంపెనీ లెక్కలో 163 హార్స్‌పవర్. అప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్డర్ పెట్టే ముందు మీ టెక్నికల్ అడ్వైజర్‌తో ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడాను. బండి ఏ సంవత్సరానిదని గానీ, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని గానీ ఆయన అడగలేదు. సూపర్‌ఛార్జర్ నూనె ఎప్పుడైనా మార్చారా అన్న మాటే రాలేదు. ఆయన అడిగింది ఒక్కటే: సిలికాన్ గొట్టాలు ఎరుపు కావాలా, నలుపు కావాలా అని. 15 శాతం చిన్న పుల్లీ సరిపోదా అని నేనే అడిగాను. ‘తీసుకుంటే 19 తీసుకోండి సార్, మళ్ళీ మళ్ళీ విప్పే పని ఉండదు’ అన్నారు. ఆ మాట నమ్మడం నా తప్పే, ఒప్పుకుంటాను.

ముందు పుల్లీ సంగతి. సూపర్‌ఛార్జర్ ఎలా పనిచేస్తుందో మీ వర్క్‌షాప్ వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, మీ ప్రకటన రాసినవారికి చెప్పాలి. ‘19 శాతం చిన్న పుల్లీ, 19 శాతం ఎక్కువ గాలి’ అని రాశారు. పుల్లీ వ్యాసం 100 నుంచి 81కి తగ్గితే దాని వేగం 100ను 81తో భాగించినంత అవుతుంది, అంటే దాదాపు 23.5 శాతం పెరుగుతుంది. 15 శాతం పుల్లీకి పెరిగేది సుమారు 17.6. కాగితం మీద తేడా నాలుగు శాతమే కదా అనిపించినా, సూపర్‌ఛార్జర్ లోపల తిరిగే రోటర్ల మీద అది ఆరు శాతం. అసలే అవి ఇంజిన్ ఒక చుట్టు తిరిగేలోపు దాదాపు రెండు చుట్లు తిరుగుతాయి. ఎం45 చిన్న సూపర్‌ఛార్జర్, ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలి, అంటే ముప్పావు లీటరు కూడా నెట్టదు. దాన్ని ఒక హద్దు దాటి తిప్పితే గాలి కంటే వేడే ఎక్కువ పుడుతుంది. పైగా దాన్ని తిప్పే శక్తి కూడా ఇంజిన్‌దే. పుల్లీ చిన్నదయ్యేకొద్దీ బెల్ట్ ద్వారా లాక్కునేదీ పెరుగుతుంది. ఇంజిన్‌లో వేరే ఏ మార్పూ లేని పాత బండికి 19 శాతం పుల్లీ సలహా ఇచ్చేముందు ఇదంతా చెప్పాల్సింది మీరు.

కిట్‌లో పుల్లీ ఉంది, బెల్ట్ లేదు. పుల్లీ చిన్నదైతే పాత బెల్ట్ వదులవుతుంది, కాస్త పొట్టి బెల్ట్ వేయాలి. ఈ బండిలో పుల్లీ విప్పడం ఆషామాషీ పని కాదు. కుడిపక్క చక్రం, దాని లోపలి ప్లాస్టిక్ తొడుగు తీసి, ఇంజిన్ మౌంట్ వదులు చేసి, జాకీతో ఇంజిన్‌ను కాస్త లేపి, షాఫ్ట్ మీద బిగుతుగా దిగిన పుల్లీని ప్రత్యేకమైన పుల్లర్‌తో లాగాలి. ఇంత పనీ అయ్యాక చూస్తే బెల్ట్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ తన చివరి హద్దు దాకా వచ్చేసి నిలబడింది. రెండు రోజులకే మూడో గేర్‌లో 5000 ఆర్‌పీఎం దాటగానే బెల్ట్ కీచుమనడం మొదలైంది. చక్రం లోపలి తొడుగు మీద వేలితో గీస్తే గీత పడేంత నల్లటి రబ్బరు పొడి. పొట్టి బెల్ట్ నేనే వెతికి కొనుక్కుని, కూలీ రెండోసారి కట్టి, మళ్ళీ విప్పించాను. మళ్ళీ మళ్ళీ విప్పే పని ఉండదన్నది మీ అడ్వైజరే.

ప్లగ్గులదీ ఇదే కథ. బూస్ట్ (లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు, అంటే వేడిని త్వరగా వదిలేసే రకం, వేయాలని ఈ బండ్లు చూసే ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. కిట్‌లో అవి లేవు, సూచనల కాగితంలో వాటి ఊసే లేదు. మీ స్టిక్కర్లు మాత్రం నాలుగు ఉన్నాయి.

ఇక మీరు ‘కోల్డ్ ఎయిర్ ఇంటేక్’ అని అమ్మిన కోను ఫిల్టర్. నిజం చెప్పాలంటే మొదటి వారం దాని మోతకు నేను పడిపోయాను. సూపర్‌ఛార్జర్ కూత కారంతా నిండిపోయేది, కావాలనే కిటికీలు దించుకుని నడిపేవాణ్ణి. కానీ పేరులో ఉన్న చల్లదనం దానిలో లేదు. ఫ్యాక్టరీ ఫిల్టర్ డబ్బాకు మూత ఉంది, ముందు నుంచి గాలి తెచ్చే దారి ఉంది. మీ కోను ఏ అడ్డూ లేకుండా బానెట్ కింద, ఇంజిన్ పక్కనే కూర్చుని అక్కడి వేడి గాలినే పీలుస్తుంది. ఈ కారు ఇంటర్‌కూలర్ (సూపర్‌ఛార్జర్ పంపే గాలిని చల్లబరిచేది) కూడా ఇంజిన్ నెత్తి మీదే ఉంటుంది. బానెట్ మీది రంధ్రం లోంచి గాలి తగిలినంతసేపే అది పనిచేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే కింది నుంచి కాగుతూనే ఉంటుంది. అంటే వేడిగా పీల్చిన గాలిని, వేగం పెంచిన సూపర్‌ఛార్జర్‌తో ఇంకా వేడెక్కించి, అప్పటికే కాగిన ఇంటర్‌కూలర్‌కు అప్పజెప్పడం. మీ కిట్ చేసిన పని ఇదే.

ఇది నేను ఎలా కనిపెట్టానో చెప్పాలి, ఎందుకంటే మీ మీద నాకు అసలైన కోపం వచ్చింది అక్కడే. డైనో మీద పవర్ పడిపోతోందని కారు కంప్యూటర్ అంకెలు చూపే ఓబీడీ రీడర్ పెట్టి ఇంటేక్ ఉష్ణోగ్రత చూశాను. 31 డిగ్రీలు చూపించింది. బానెట్ ఎత్తి ఇంటర్‌కూలర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. 31 డిగ్రీలకు చెయ్యి కాలదు కదా! అప్పుడు అనుమానం వచ్చి మీ ‘స్మార్ట్ పవర్ మాడ్యూల్’ వైపు చూశాను.

స్టిక్కర్ పీకితే కింద నాలుగు చిన్న స్క్రూలు. మూత తీస్తే లోపల ఒక రెసిస్టర్, ఒక ఎల్‌ఈడీ, దానికి కరెంటు ఇచ్చే వైరు. మిగతా ఖాళీ అంతా నల్లటి గమ్ము పోసి నింపారు, చేతిలో పట్టుకుంటే బరువుగా ఉండాలని కాబోలు. చిప్ లేదు, ప్రోగ్రామ్ లేదు. ఆ రెసిస్టర్‌ను ఇంటేక్ ఉష్ణోగ్రత సెన్సర్ వైరుకు వరసగా కలిపారు. గాలి చల్లబడేకొద్దీ ఆ సెన్సర్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. మధ్యలో ఇంకో రెసిస్టర్ పెడితే, ఎంత వేడి గాలి వస్తున్నా చల్లటి గాలే వస్తోందని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) భ్రమపడుతుంది. ఇగ్నిషన్‌ను ముందుకు జరుపుతుంది, అంటే ప్లగ్గు నిప్పురవ్వ ఇంకాస్త ముందే పడుతుంది. నిజంగా చల్లటి గాలైతే పవర్ పెరిగేది. వచ్చేది వేడి గాలి కాబట్టి సిలిండర్లో నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది. నాక్ సెన్సర్ అది పట్టుకోగానే ఈసీయూ టైమింగ్‌ను వెనక్కి లాగేస్తుంది. మొదటి రన్‌లో 11 పెరిగి మూడో రన్‌కి 3కు రావడం వెనక ఉన్న రహస్యం ఇదే. నాక్ సెన్సర్ పాడై ఉన్న బండిలో ఇదే డబ్బా పెడితే పిస్టన్‌కే ఎసరు. ఇలాంటి వస్తువును ‘ఇంజిన్‌కు పూర్తి సురక్షితం’ అని రాసి అమ్మడానికి మీకు మనసెలా వచ్చింది?

ఆ మాడ్యూల్ పీకేశాక రీడర్ నిజం చెప్పింది. ఒకే సాయంత్రం, ఒకే రోడ్డు. నాలుగు నిమిషాలు ఆగి బయల్దేరినప్పుడు మీ కోనుతో 63 డిగ్రీలు, ఫ్యాక్టరీ ఫిల్టర్ డబ్బాతో 55.

అసలు ఆ 45 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఈ కారుకే మినీ ట్యూనింగ్ సంస్థ జాన్ కూపర్ వర్క్స్ పేరుతో వచ్చిన కిట్ 163ను 200 చేసింది. పెరిగింది 37. దానికి వాళ్ళు పుల్లీతో సరిపెట్టలేదు. సిలిండర్ హెడ్ మార్చారు, ప్లగ్గులు మార్చారు, ఎగ్జాస్ట్ మార్చారు, ఈసీయూ ప్రోగ్రామ్ మార్చారు. మీరు హెడ్ ముట్టుకోకుండా, ప్లగ్గులు ఇవ్వకుండా, ఒక రెసిస్టర్‌తో 45 ఇస్తానంటున్నారు.

ఎగ్జాస్ట్ గురించి ఫిర్యాదు లేదు. వెల్డింగ్ శుభ్రంగా ఉంది, బ్రాకెట్లు సరిగ్గా కూర్చున్నాయి. అది ఉంచుకుంటాను.

సూపర్‌ఛార్జర్ నూనె గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేది సూపర్‌ఛార్జర్ వెనక గేర్లే. వాటి గదిలో కొంచెం నూనె ఉంటుంది. మామూలు సర్వీసులో దాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండోసారి విప్పినప్పుడు నా మెకానిక్ పట్టుబట్టి దాన్ని చూశాడు. గిన్నెలోకి వచ్చింది కొన్ని చుక్కలు, నల్లగా, తారులాగా. ఆ కంపుకు ఇద్దరం షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాం. గేర్ల అంచులు అరగడం మొదలైందట. ఇంకొన్నాళ్ళు అలాగే 23 శాతం ఎక్కువ వేగంతో తిప్పి ఉంటే గేర్లు పోయి, వాటితో వాటర్ పంపు ఆగి, ఇంజిన్ ఓవర్‌హీట్ అయ్యేది. లక్షా ముప్పై వేలు తిరిగిన బండికి పుల్లీ అమ్మేవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. మీ వాళ్ళు గొట్టాల రంగు అడిగారు.

తరవాత నేను చేయించింది ఇది: సూపర్‌ఛార్జర్ నూనె మార్పించాను, ఇంటేక్ ఫ్యాక్టరీదే తిరిగి పెట్టించాను, వేరేచోట కొన్న 15 శాతం పుల్లీ, దానికి సరిపడా బెల్ట్, చల్లటి ప్లగ్గులు వేయించి, చివరికి ఈసీయూను డైనో మీదే ట్యూన్ చేయించాను. చక్రాల దగ్గర 164 వచ్చింది. మూడో రన్‌లో 161. మీ కిట్ కంటే తక్కువ వస్తువులు, తక్కువ ఖర్చు, తక్కువ మోత. మోత తగ్గినందుకు కొంచెం బాధే, అది వేరే సంగతి.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. ఈ బండిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ తేడా తెలిసింది పవర్ వల్ల కాదు. బరువైన రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) తీసి మామూలు మంచి టైర్లు వేసి, బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్ మార్చిన రోజు తెలిసింది. మీ అడ్వైజర్ నాకు అవి అమ్మి ఉంటే ఈ ఉత్తరం బదులు థాంక్స్ చెబుతూ మెయిల్ వచ్చేది.

నేను కోరుతున్నవి ఇవి. కోను ఫిల్టర్, ‘స్మార్ట్ పవర్ మాడ్యూల్’ – ఈ రెండింటి పూర్తి ధర వాపసు ఇవ్వండి. 19 శాతం పుల్లీ తిరిగి తీసుకుని దాని బదులు నేను కొన్న 15 శాతం పుల్లీ డబ్బు చెల్లించండి. కిట్‌లో బెల్ట్ పెట్టకపోవడం వల్ల రెండోసారి కట్టిన కూలీ మీరే భరించాలి. మొత్తం కిట్ డబ్బు అడగడం లేదు, ఎగ్జాస్ట్ వాడుకుంటున్నాను కాబట్టి అది న్యాయం కాదు. అలాగే ఆ మాడ్యూల్‌ను అమ్మకం నుంచి తీసేయండి. కొన్నవాళ్ళందరికీ దాన్ని వెంటనే పీకేయమని మెయిల్ పంపండి. ఈ చివరిదానిలో నాకు రూపాయి లాభం లేదు, కానీ ఇది లేకుండా మిగతావి ఇచ్చినా నేను ఊరుకోను.

బిల్లు, మూడు డైనో షీట్లు, మూత తీసిన మాడ్యూల్ ఫోటోలు, బెల్ట్ పొడి ఫోటో, మెకానిక్ రాసిచ్చిన కాగితం జతచేశాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల ఫిర్యాదు వేస్తాను. వస్తువులు పాత పెట్టెలోనే సర్ది ఉంచాను, ఎప్పుడు పంపినా మీ మనిషి వచ్చి తీసుకెళ్ళవచ్చు. ఎర్ర గొట్టాలు కూడా అందులోనే ఉన్నాయి.

ఇట్లు,
మీ కస్టమర్