మొరాకోకి ఆడవాళ్లు వెళ్లొద్దని తేల్చేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సంచికలో మొరాకో గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ చివర్లో, ఆడవాళ్లు సొంతంగా వెళ్లకపోవడమే మంచిదనీ, టూర్ ప్యాకేజీ అయితేనే క్షేమమనీ ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనూ నా స్నేహితురాలూ వీపుకి బ్యాగులు తగిలించుకుని, బస్సుల్లో, షేర్ టాక్సీల్లో ఆ దేశం తిరిగొచ్చిన వాళ్లం. ఇద్దరమూ నలభై దాటిన వాళ్లమే. ఆ ఒక్క ముక్క పట్టుకుని, 'చూశావా, పేపర్లో కూడా వేశారు' అంటూ ఎన్ని ఇళ్లలో అమ్మాయిల ప్రయాణాలు ఆపేస్తారో అన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

భయపడాల్సిందేమీ లేదని నేననను. 2018 డిసెంబరులో అట్లస్ పర్వతాల్లోని ఇమ్లిల్ అనే ఊరి దగ్గరి కొండల్లో గుడారం వేసుకుని పడుకున్న ఇద్దరు అమ్మాయిల్ని ఉగ్రవాదులు చంపేశారు. ఒకరిది డెన్మార్క్, ఒకరిది నార్వే. మీ వ్యాసంలో ఆ సంగతి రాశారు, రాయాల్సిందే. కానీ ఆ తర్వాత అక్కడ ఏం మారిందో కూడా రాయాలి కదా. ఇప్పుడు ఇమ్లిల్ నుంచి తుబ్కాల్ శిఖరానికి వెళ్లే దారిలో చెక్‌పోస్టులున్నాయి. 4,167 మీటర్ల ఆ శిఖరం ఉత్తర ఆఫ్రికా మొత్తంలో ఎత్తైనది. పాస్‌పోర్టు చూపించాలి, లైసెన్సున్న స్థానిక గైడు వెంట ఉండాలి, లేకపోతే పైకి పోనివ్వరు. మేము శిఖరం దాకా వెళ్లలేదు, మా మోకాళ్లకి అంత ఓపిక లేదు. అరుమ్ద్ అనే ఊరు దాటి సీదీ షంహరూష్ దర్గా దాకా నడిచాం. చెక్‌పోస్టులో ఒక పోలీసాయన మా పేర్లు పుస్తకంలో రాసుకుని, గైడు కార్డుతో సరిచూసి, ఏ పూటకి దిగి వస్తారని అడిగాడు. సాయంత్రం మేము దిగి రాగానే మా పేర్ల ఎదురుగా టిక్కు పెట్టాడు. ఆ టిక్కు చూశాక నా స్నేహితురాలు, "ఇంట్లో అమ్మ కూడా ఇంత లెక్క పెట్టదే!" అంది.

ఇక రోజూ ఎదురయ్యే ఇబ్బంది వేరు. అది వీధుల్లో ఉంటుంది. ఫెజ్ నగరంలోని పాత ఊళ్లో, దాన్ని అక్కడ మదీనా అంటారు, వేల సందులున్నాయి. బాబ్ బూజలూద్ అనే నీలి ద్వారం దాటి నాలుగడుగులు వేశామో లేదో ఒక కుర్రాడు వచ్చి, "ఈ దారి మూసేశారు, నాతో రండి" అంటాడు. దారి మూసి ఉండదు. అతని వెంట వెళితే తోళ్లు పదును చేసే చోటికో, తెలిసినవాళ్ల దుకాణానికో తీసుకెళ్లి చివర్లో డబ్బులు గట్టిగా అడుగుతాడు. 'లా, షుక్రన్' (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడిచిపోతే చాలామంది వదిలేస్తారు. వదలకపోతే పక్కనున్న దుకాణంలోకి వెళ్లిపోవాలి. ఒకసారి ఒకడు మా వెనకే వస్తుంటే చెప్పులు అమ్మే పెద్దాయన లేచి వాణ్ణి అరబ్బీలో నాలుగు దులిపేసి, మాకు రెండు స్టూళ్లు వేశాడు. దారి విషయానికొస్తే, తలా కబీరా, తలా సగీరా అని రెండు పెద్ద వీధులున్నాయి, రెండూ పల్లానికే దిగుతాయి. వాటిని పట్టుకుని దిగితే కరవియ్యీన్ మసీదు చుట్టుపక్కలకి చేరతాం. 859లో ఆ మసీదుని ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించిందని చెబుతారు. ఈమధ్య కాలంలో అక్కడి పాత గ్రంథాలయాన్ని బాగుచేసిన ఆర్కిటెక్టు అజీజా షవూనీ కూడా ఫెజ్‌లో పుట్టిన మహిళే. ముస్లింలు కాని వాళ్లని మసీదు లోపలికి రానివ్వరు కాబట్టి గుమ్మం దగ్గరే నిలబడి చూశాం. ఆడవాళ్లకి పనికిరాదని మీరు రాసిన దేశంలో ఈ సంగతి ఒక్క వాక్యానికైనా నోచుకోకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

ఇంకో సంగతి. "ఇండియా? షారుఖ్ ఖాన్!" అని అరిచేవాళ్లు అడుగడుగునా ఉంటారు. వాళ్లలో చాలామంది సరదాకి పలకరించేవాళ్లే. హిందీ సినిమాలంటే అక్కడ పెద్దవాళ్లకి ఎంత ఇష్టమో చెప్పలేను. ఊరికే పలకరించేవాడెవడో, వెంటపడేవాడెవడో రెండు రోజుల్లో మనకే తెలిసిపోతుంది. వెంటపడి వేధిస్తే ఫిర్యాదు చేయొచ్చు. ఆడవాళ్ల మీద హింసకి సంబంధించిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, వీధిలో వేధించినా నేరమే. చట్టం ఉన్నంత మాత్రాన వేధింపులు ఆగిపోలేదు, కానీ పోలీసుల్ని పిలుస్తానంటే అవతలివాడు వెనక్కి తగ్గడం కళ్లారా చూశాను.

ప్రయాణాల గురించి మీ వ్యాసంలో ఏమీ లేదు. మాలాంటి వాళ్లకి అసలు కావాల్సింది అదే. రైలు మరాకేష్ దాకానే. అక్కడి నుంచి దక్షిణానికి, కొండల్లోకి వెళ్లాలంటే బస్సో, గ్రాండ్ టాక్సీయో ఎక్కాలి. గ్రాండ్ టాక్సీ అంటే ఊరి నుంచి ఊరికి తిరిగే షేర్ బండి. ఆరుగురు నిండితే కదులుతుంది, తలకింత అని రేటు ఉంటుంది. పాత మెర్సిడెస్ బండ్లలో ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు ఇరుక్కుని కూర్చోవాలి. ఆడవాళ్లిద్దరు వెళితే ముందరి రెండు సీట్లూ అడిగి కూర్చోవచ్చు. ఒక్కరే అయితే ఆ రెండు సీట్లకీ డబ్బు కట్టి హాయిగా కూర్చోవచ్చు, అక్కడ ఎవరూ వింతగా చూడరు. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇమ్లిల్ దారిలో ఉన్న అస్నీ అనే ఊరికి వెళ్లే బండిలో మా వెనక కూర్చున్న ఒకావిడ సంచిలోంచి రొట్టె తీసి, ముక్కలు చేసి బండిలో అందరికీ పంచింది. డ్రైవరుకి కూడా ఇచ్చింది. మేము మొహమాటపడితే నా చేయి పట్టుకుని అరచేతిలో పెట్టింది. ప్యాకేజీ బస్సు అద్దాల వెనక కూర్చుంటే ఆ రొట్టె దొరకదు.

ఆడవాళ్లకి మాత్రమే అందే మొరాకో ఒకటుంది, దాని గురించి తప్పకుండా రాయాలి. పేటకో హమామ్ ఉంటుంది, అంటే ఆవిరి స్నానాల ఇల్లు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేర్వేరు గదులో, వేర్వేరు వేళలో ఉంటాయి. టూరిస్టులకని పెట్టిన ఖరీదైనవి కాకుండా పేటలో ఆడవాళ్లు వెళ్లేదానికి వెళ్లాం. వేడి నేల మీద చాప వేసుకుని కూర్చోవాలి. ఆలివ్ నూనెతో చేసిన నల్ల సబ్బు ముద్దలా జిగటగా ఉంటుంది, దాన్ని ఒంటికి రాసుకుని నానాలి. తర్వాత గరుకు తొడుగుతో రుద్దుతారు. అక్కడ పనిచేసే పెద్దావిడ నా స్నేహితురాలి వీపు రుద్దుతుంటే నల్లగా మట్టి ఉండలు కట్టింది. ఆవిడ వాటిని చూపించి తల అడ్డంగా ఊపితే గదిలో ఉన్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. మనవరాళ్లతో వచ్చిన ఒక ముసలమ్మ తన బకెట్లో వేడినీళ్లు నా మీద పోసింది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. ఏ మగ యాత్రికుడూ ఈ గదిలో అడుగుపెట్టలేడు.

శాకాహారుల కోసం ఒక మాట. కూరగాయల తజీన్ (మట్టి పాత్రలో వండే కూర) అని అడిగినా మాంసం రసంలోనే ఉడికించి ఉండొచ్చు, హరీరా సూప్‌లో కూడా మాంసం ముక్కలు పడతాయి. అడిగి తినాలి. మేము మాత్రం బిస్సారాతో బతికాం. ఎండు బాకలా (చిక్కుడు లాంటి) గింజలు మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, జీలకర్ర పొడి చల్లి ఇస్తారు. పొద్దున్నే వేడివేడిగా రొట్టెతో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు.

ఇమ్లిల్ చుట్టుపక్కల కొండ ఊళ్ల గురించి ఇంకొకటి చెప్పాలి. 2023 సెప్టెంబరు 8 రాత్రి వచ్చిన భూకంపం తీవ్రత 6.8. దాదాపు 3,000 మంది పోయారు, ఎక్కువమంది ఈ అల్ హౌజ్ ప్రాంతం వాళ్లే. మేము వెళ్లినప్పుడు కూడా దారి పొడుగునా పగుళ్లిచ్చిన గోడలు, కొత్తగా పేరుస్తున్న ఇటుకలు కనిపించాయి. మా గైడు ఇంట్లో ఒక గది ఇంకా కట్టాలి. యాత్రికులు మళ్లీ వస్తే ఆ గది లేస్తుందని వాళ్లమ్మ చెప్పింది. మేము ఆ ఇంట్లోనే తిన్నాం, ఆ ఊళ్లోనే పడుకున్నాం, డబ్బు నేరుగా ఆవిడ చేతికే ఇచ్చాం.

కాబట్టి నా విన్నపం ఇదీ. ఈసారి మొరాకో గురించి రాసినప్పుడు ఆడవాళ్లు ఏ బండి ఎక్కాలో, ఎక్కడ గైడు తప్పనిసరో, ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. రాత్రి ఎనిమిది దాటితే ఊళ్లో తిరిగే పెటీ టాక్సీకి మీటరు మీద సగం అదనంగా ఇవ్వాలని రాయండి. పట్టణాల్లో పోలీసుల నంబరు 19, పల్లెల్లో, కొండల్లో జాందార్మెరీ (పల్లెల్లో పోలీసు పని చూసే దళం) నంబరు 177. ఈ రెండూ వ్యాసం పక్కన పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు