వార్షిక నివేదిక: ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర సేకరణ

అధ్యక్షులకు, సంఘ పెద్దలకు, సభ్యులందరికీ ప్రభువు పేరట వందనాలు.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు మాకు ఒక పని గట్టిగా అప్పగించారు. ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్రను మన పిల్లలకు అర్థమయ్యేలా రాసిపెట్టమన్నారు. మిగతా పనులు ఎప్పటిలాగే జరిగాయి: క్రిస్మస్‌కు బట్టల పంపిణీ, సండే స్కూలు పిల్లలకు వాక్య పోటీలు, ఎండాకాలంలో మజ్జిగ చలివేంద్రం. జమాఖర్చుల పట్టిక విడిగా అచ్చువేసి ఇస్తున్నాం. ఈ నివేదిక అంతా చరిత్ర పని గురించే.

అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొర 1836లో అమెరికా నుంచి విశాఖపట్నం వచ్చి, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు కూర్చుని చర్చించారు. దీనికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు ఆ రోజుల్లో వచ్చిందే. అంత నిరాశలో 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. మనం ప్రార్థన కొండ అంటున్నది దాన్నే. ఎవరినడిగినా అప్పటి నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర పేరు చెబుతారు, మహా అయితే దొరసాని పేరు. నరసు, జూలియా, రూతు కూడా ఆ కొండ ఎక్కారు. ముగ్గురూ మనవాళ్లు, అందులో ఇద్దరు ఆడవాళ్లు. ఈసారి కొత్త సంవత్సర ఆరాధనలో ఐదుగురినీ పేరుపేరునా తలుచుకున్నాం. ఇకమీదట ప్రతి ఏడూ అలాగే జరగాలని మా కోరిక.

అదే మిషను పంపిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది. ఆ నెలలోనే తాళ్లకొండపాడులో 28 మందికి బాప్తిస్మం జరిగింది. దొరను అక్కడికి రప్పించింది ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ పెద్ద ఆయన. భార్య నాగమ్మతో కలిసి అంతకుముందే బాప్తిస్మం పొందాడు. దొర వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల జనం అన్నం మూటలతో వచ్చి చింతచెట్ల కింద దిగి ఉన్నారు. వాళ్లందరినీ సిద్ధం చేసింది పేరయ్య మాట. నా దృష్టిలో మన సంఘానికి మొదటి సువార్తికుడు ఆయనే. పిల్లల పుస్తకంలో ఆయన అధ్యాయమే ముందు పెడుతున్నాం.

ఆ రోజుల్లోనే పెద్ద చిక్కొచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లల్ని మిషను బడికి పంపేది లేదని ఊళ్లో పైకులాల వాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు ఎవరి గదిలో వాళ్లు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని చెప్పుకుంటారు: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, ఒకటో అధ్యాయం, 26వ వచనం దగ్గర. దేవుడు పిలిచినవాళ్లలో జ్ఞానులు, గొప్ప వంశాలవాళ్లు ఎక్కువమంది లేరన్నది ఆ మాట. వాళ్లు మాదిగలనే చేర్చుకున్నారు. బడి పిల్లలు పోయారు, సంఘం నిలిచింది.

1876–78 కరువు గురించి మన ఇళ్లలో ఇంకా మాటలున్నాయి. కరువు జనానికి పని దొరికేలా బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులే మేస్త్రీలయ్యారు. పలుగు దించి కూలీలు కాస్త కూర్చుంటే, వాళ్ల మధ్య కూర్చుని ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అనే వాక్యం చదివేవాళ్లు. నెత్తిన మట్టితట్టలు మోస్తున్నవాళ్లకు ఆ వాక్యం ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. అయినా కరువు సాయం నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం కలిశారన్న మాట రాకూడదని ఆపారు. ‘గింజల కోసం మతం మారారు’ అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు కాబట్టి, ఈ సంగతి మన పిల్లలకు తెలిసి తీరాలి.

సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. ఆ అంకె మనందరికీ నోటికి వచ్చు. ఆ మనుషుల్లో పది పేర్లు చెప్పమంటే మనలో ఎవరూ చెప్పలేం. ఈ ఏడాది మా పనికి అసలు కారణం అదే. సండే స్కూలు పిల్లల్ని వెల్లంపల్లి తీసుకెళ్లి ఏటి ఒడ్డునే ఈ చరిత్ర చెప్పించాం.

పేర్ల కోసం పల్లెల్లో తిరిగాం. ఒక ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత సంఘ పుస్తకం దొరికింది. చెదలు అంచులు తినేశాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది. మగవాళ్ల పేర్లు, ఊళ్లు వరసగా ఉన్నాయి. ఆడవాళ్ల దగ్గర మాత్రం చాలాచోట్ల ‘భార్య’, ‘తల్లి’ అని రాసి వదిలేశారు. ఆ ఇంటి ముసలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని స్త్రీల సమాజం వాళ్లు ఒక్కో గడి చదివారు. ‘ఈమె మా నాయనమ్మ తోడికోడలు, పేరు మార్తమ్మ’ అంటూ ఆమె చెబుతుంటే రాసుకున్నారు. ఆ పుస్తకం ప్రతి పేజీ ఫోనులో ఫొటో తీసి, అసలుది వాళ్లకే ఇచ్చేశాం.

కొందరు కాగితాలు చూపించడానికి వెనకాడారు. ఆ భయం మాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను మన దగ్గర బీసీ–సీ, అంటే వెనకబడిన తరగతుల్లో ఒక గుంపు కింద చూస్తారు. అందుకే ఎన్నో ఇళ్లలో బడి రికార్డులో ఒక పేరు, గుడిలో మరో పేరు. వాళ్ల టెన్షన్‌ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బతికున్నవాళ్ల పేరు గానీ వాళ్ల కాగితం గానీ అచ్చులోకి రాకూడదని కార్యవర్గం తీర్మానించింది. మీ ముందు పెడుతున్నాం, ఆమోదించండి.

వచ్చే ఏడాది బోధకుల కుటుంబాలు, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీల వివరాలు సేకరించాలి. టేపు రికార్డర్ల కాలంలో పాడిన పల్లె కీర్తనల క్యాసెట్లు ఎవరి దగ్గరైనా ఉంటే అరువివ్వండి, కాపీ చేసుకుని తిరిగి ఇస్తాం. పాత ఫొటోల వెనక మాత్రం మీరే పెన్సిలుతో పేర్లు రాసి ఇవ్వండి. పిల్లల పుస్తకం రాతప్రతి కార్యదర్శి దగ్గర ఉంది. తప్పులుంటే ఈస్టరు లోపు చెప్పండి, ఆ తర్వాత ప్రెస్సుకు ఇచ్చేస్తాం.