మొదటిది ఆపరేషనా? అయితే ఇదీ ఆపరేషనే!

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆపరేషన్‌తోనే పుట్టారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే 'తనకు నార్మల్ అయింది కాబట్టి మాకు నీతులు చెప్తోంది' అనుకునేవాళ్లు ఉంటారు.

రెండోసారి మూడో నెలలో టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. గంటన్నర బయట కూర్చున్నాం, లోపల మాత్రం రెండు నిమిషాలే. "మొదటిది నార్మలా, ఆపరేషనా?" అని అడిగారు. ఆపరేషన్ అన్నాను. "అయితే ఇదీ ఆపరేషనే, తొమ్మిదో నెల పడ్డాక మంచిరోజు చూసుకుని రండి" అన్నారు, అంతే. మొదటిసారి ఎందుకు కోశారు, లోపల ఎట్లా కోశారు, అప్పటి డిశ్చార్జి కాగితం ఉందా, ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. మా అత్త అయితే మెట్లు దిగుతూనే ముహూర్తం కోసం అయ్యగారికి ఫోన్ కలిపింది. ఆమెను అనేదేముంది, మా దిక్కు అందరూ చేస్తున్నదే.

మా ఊరి ఆశా అక్క మాత్రం ఊరుకోలేదు. ఒకసారి సర్కారు దవాఖానలో చూపించుకో, పాత కాగితం తీసుకుపో అంది. కాగితం కోసం ఇల్లంతా వెతికితే చివరికి తల్లిగారింట్లో, రేషన్ కార్డు పెట్టిన కవర్‌లో దొరికింది. అక్కడి డాక్టరమ్మ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. నిజం చెప్పొద్దూ, నాకు సగం ధైర్యం ఆమె చదువుతుంటేనే వచ్చింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైన కాడికి రాస్తున్నా. ఒకసారి ఆపరేషన్ అయితే ఎప్పటికీ ఆపరేషనే అన్న మాట 1916లో న్యూయార్క్‌లో క్రాగిన్ అనే డాక్టర్ రాసిందట. అప్పట్లో గర్భసంచిని పైనుంచి కిందికి నిలువుగా కోసేవాళ్లు, మళ్లీ నొప్పులొస్తే ఆ కుట్టు దగ్గర విడిపోయే భయం చాలా ఎక్కువ. తర్వాత గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోయడం వచ్చింది. ఇప్పుడు ఎక్కువమందికి చేసేది ఇదే, కాగితంలో ఎల్‌ఎస్‌సీఎస్ అని రాసి ఉంటుంది. పొట్ట మీద మచ్చ అడ్డంగా ఉంది కదా, లోపల కూడా అడ్డంగానే కోసి ఉంటారని మనం అనుకోవద్దు. పైకోత వేరు, లోపలి కోత వేరు, లోపల సంగతి కాగితం చూస్తేనే తెలుస్తుంది. ఈ ముక్క నాకు మొదటి ఐదేళ్లలో ఎవరూ చెప్పలేదు.

నా కాగితంలో కారణం బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం. ఈసారి తల కిందికే ఉంది కాబట్టి పాత కారణం ఇప్పుడు లేదు, కాన్పుకు కాన్పుకు మధ్య ఎడం కూడా సరిపోయింది. ఒక్క ఆపరేషన్ అయి, లోపల అడ్డకోత ఉన్నవాళ్లు నార్మల్‌కు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి అవుతుందట. వెయ్యి మందిలో 5 నుంచి 7 మందికి గర్భసంచి కుట్టు దగ్గర చిట్లే ప్రమాదం ఉంటుంది, అప్పుడు తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రాత్రీ పగలూ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, రక్తం సిద్ధంగా ఉన్నచోటే ఈ కాన్పు, బిడ్డ గుండె చప్పుడు వదలకుండా చూస్తుండాలి. నొప్పులు మొదలైనా తండాలోనే కూర్చుని చూద్దాంలే అంటే కుదరదు. అట్లని ఆపరేషన్‌లో భయం లేదని కాదు. కోసిన కొద్దీ లోపల అతుకులు పడతాయి, తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ముప్పు పెరుగుతుంది.

అన్నీ విని, నార్మల్‌కే చూద్దామన్నాను. పదకొండు గంటలు నొప్పులు పడ్డాను, తర్వాత బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని థియేటర్‌కు తీసుకుపోయారు. పాప బాగుంది. "నొప్పులూ పడ్డావు, కోతా పడ్డది" అని మా అత్త ఇప్పటికీ అంటుంది, అది నిజమే. ముందే రోజు పెట్టుకుని చేసే ఆపరేషన్ కన్నా నొప్పులు పడ్డాక చేసేదాంట్లో ఇబ్బందులు ఎక్కువని కూడా డాక్టరమ్మ ముందే చెప్పింది, తెలిసే ఒప్పుకున్నాను.

మా యారాలు మాత్రం రెండోదానికి నేరుగా ఆపరేషనే కావాలంది. మొదటిసారి రెండు రోజులు నొప్పులు పడ్డ భయం ఇంకా పోలేదు, మా మరిది పుణెలో పని, సెలవు దొరికేది పది రోజులు, పైగా పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ కూడా దాంతోనే అయిపోతుంది. ఆమె లెక్క ఆమెది, నాకు అందులో తప్పేం కనపడలేదు. (నన్నూ అడిగారు, వద్దన్నాను. మగవాళ్లకు చేసేది ఇంకా చిన్న ఆపరేషన్ కదా అంటే ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.)

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5. ఇన్ని కాన్పులు కోతలైతే రెండోసారి నెల తప్పినప్పుడు ఈ ప్రశ్న ఇంటింటికీ వస్తుంది కదా. కానీ పాలమూరు నుంచి, మా దేవరకొండ తండాల నుంచి వలసపోయినవాళ్లలో ఎంతమంది దగ్గర ఆ పాత కాగితం ఉంటుంది? హైదరాబాద్‌లోనో బొంబాయిలోనో కాన్పు అయి ఉంటుంది, గది ఖాళీ చేసినప్పుడు కాగితాలు పోయి ఉంటాయి. ఉన్నా అది ఇంగ్లిష్‌లో, అదీ చేతిరాత.

డిశ్చార్జి చేసేటప్పుడు ఎందుకు కోశారు, లోపల ఏ కోత, మళ్లీ నార్మల్‌కు చూడొచ్చా లేదా అని తెలుగులో మూడు లైన్లు తల్లీబిడ్డల కార్డు మీద రాసివ్వమని సర్కారు అన్ని ఆసుపత్రులకూ చెప్పొచ్చు. ఆశా అక్కలు మూడో నెలలోనే పాత కాగితం అడిగితే ఇంకా మంచిది. నా రెండో కాగితం ఫొటో తీసి నా ఫోన్‌లో పెట్టుకున్నా, మా ఆయనకూ అమ్మకూ పంపాను, అసలుది మళ్లీ ఆ రేషన్ కార్డు కవర్‌లోనే పెట్టాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా